బస్తా మీద ఏ పేరు రాద్దాం?

మేడారం ఏ జిల్లాలో ఉంది? 2016 ఫిబ్రవరి జాతర వరంగల్ జిల్లాలో జరిగింది. 2018 జాతర జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో. 2020 జాతర ములుగు జిల్లాలో. సమ్మక్క-సారలమ్మల గద్దెలు అంగుళం కదల్లేదు, జంపన్నవాగు తన దారినే పారుతోంది. కానీ వరుసగా మూడు జాతరలు, మూడు జిల్లాలు.

ఇప్పుడు ఈ మూడు జాతరల ఫోటోలు, వీడియోలు, ఆడియోలు క్లౌడ్‌లో దాచాలి. ఏ పేరు మీద దాస్తారు? జిల్లా పేరు మీద అంటే మేడారం మూడు ముక్కలై మూడు చోట్ల పడుతుంది. రేపు ఏ కొత్త రిపోర్టరో ‘ములుగు’ అని వెతికితే 2018 దొరకదు, 2016 అసలే దొరకదు. జర్నలిస్టుకు ఇంతకన్నా పాడు హాలత్ ఇంకోటి లేదు. సబూత్ ఉంటుంది, చేతికి మాత్రం రాదు.

ఇది కంప్యూటర్ ఇంజనీర్ల గొడవ అని చాలామంది దోస్తులు పక్కన పెట్టేస్తారు. నేనలా అనుకోను. సామాను ఎక్కడ పెట్టాలో ఇంజనీరు చెప్తాడు. దాని మీద ఏ పేరు రాయాలో ఆ సామాను ఏమిటో తెలిసినవాళ్లే చెప్పాలి. అంటే మనమే.

ముందు ఆ సామాను పెట్టే పాత్ర సంగతి. 2006 మార్చిలో అమెజాన్ కంపెనీ ఎస్3 పేరుతో తన కంప్యూటర్ గోదాముల్లో జాగా కిరాయికివ్వడం మొదలుపెట్టింది. మన ఫైళ్లు పెట్టుకునే పాత్రకు ‘బకెట్’ అని పేరు పెట్టింది. గూగుల్ వాళ్లదీ బకెట్టే. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లో దాన్ని ‘కంటైనర్’ అంటారు. నేను మాత్రం ‘బస్తా’ అంటాను. నిజాం కాలం కచేరీల్లో మిసళ్లన్నీ ఒక గుడ్డలో పెట్టి ముడివేసి అటక మీద పెట్టేవాళ్లు. ఆ మూటను బస్తా అనేవాళ్లు. ఫారసీలో ఆ మాటకు కట్టినది అని మానీ. ఉర్దూ మీడియం బడిలో మేం భుజానికి తగిలించుకున్న పుస్తకాల సంచీ కూడా బస్తానే. డిగ్రీలో తెలుగు తీసుకుని, మొదటి రోజు ‘నా బస్తా ఎక్కడ’ అని అడిగితే, బియ్యం బస్తా మోసుకొచ్చావా భాయ్ అని క్లాసంతా నవ్వింది. ఈ కొత్త పాత్రకు ఆ పాత మాట ఎంత బాగా అతికిందో చూడండి.

పాత బస్తాను కట్టిన మున్షీకి తర్తీబ్ తెలుసు. రెవెన్యూ రికార్డులో ఊరి పేరు, సంవత్సరం, సర్వే నంబర్. ఇంతే అసలు పతా. ఈ రోజు కూడా భూమి పంచాయితీ వస్తే 1954-55 ఖాస్రా పహాణీ నకలు తెమ్మంటారు. ఆనాటి నుంచి హుకూమత్‌లు మారాయి, రాష్ట్రం రెండుసార్లు మారింది, జిల్లా చీలింది. అయినా నకలు దొరుకుతోందంటే ఆ కాగజ్‌ను దాచినవాడు దాన్ని హాకిం పేరు మీద కట్టలేదు కాబట్టి. ఊరి పేరు మీద, సంవత్సరం మీద కట్టాడు.

క్లౌడ్‌లో పేరు పెట్టేవాళ్లు దీనికి పూర్తిగా ఉల్టా చేస్తున్నారు. ఈ రోజు ఏ పేరు నడుస్తుంటే అదే తగిలిస్తారు. రాష్ట్రం కోడ్ సంగతే తీసుకోండి. 2014 జూన్ దాకా ఏపీ. తర్వాత టీఎస్. 2024 మార్చి నుంచి టీజీ. బండి నంబర్ ప్లేటుకైతే ఫరవాలేదు, పాత బండి పాత నంబర్‌తోనే తిరుగుతుంది. కానీ బస్తా పేర్లన్నీ ‘టీఎస్’తో మొదలుపెట్టిన ఆఫీసులో పదేళ్ల సామాను ఒక పేరు మీద, కొత్త సామాను ఇంకో పేరు మీద పడుతుంది. ఇక్కడో మజా కూడా ఉంది. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్‌లో పెట్టిన క్లౌడ్ కేంద్రానికి ఆ కంపెనీ కోడ్ ‘ఏపీ-సౌత్-2’. రాష్ట్రం వచ్చి ఎనిమిదేళ్లయ్యాక కూడా మన షహర్‌ను ఏపీ అంటున్నాడేమిటని కోపం తెచ్చుకోకండి. అక్కడ ఏపీ అంటే ఏషియా పసిఫిక్.

మా ఊరి సంగతి దీనికన్నా ముష్కిల్. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ చీలి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. కాబట్టి ఒక ఫైలు మీద ‘వరంగల్ జిల్లా’ అని ఉంటే దానికి కనీసం రెండు మానీలు. 2016కు ముందుదైతే గోదావరి ఒడ్డు దాకా ఉన్న పెద్ద జిల్లా. 2021 తర్వాతదైతే నర్సంపేట, పరకాల వైపు పరగణాలో ఏది అటు పోయిందో ఏది ఇటు వచ్చిందో పటం ముందు పెట్టుకుని చూడాల్సిన చిన్న జిల్లా. మధ్య ఐదేళ్లూ ఉత్త వరంగల్ అనే జిల్లానే లేదు.

దీన్ని కంప్యూటర్‌తో ఒక్క దెబ్బలో సరిచేయొచ్చని ఒక నౌజవాన్ నాతో వాదించాడు. ‘వరంగల్ అర్బన్’ అని ఉన్నచోటల్లా ‘హనుమకొండ’ అని మార్చేస్తే సరి అన్నాడు. సరి కాదు. 2021లో పేర్లు మాత్రమే మారలేదు, మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. ఖిలా వరంగల్ మండలం అర్బన్‌లో ఉండేది, ఇప్పుడు వరంగల్ జిల్లాలో ఉంది. ఆ అబ్బాయి చెప్పినట్టు చేస్తే కాకతీయుల కోట తోరణాలన్నీ ఒక్క రాత్రిలో హనుమకొండ జిల్లాకు లేచి వస్తాయి. వేయిస్తంభాల గుడి పక్కన కోటను కట్టినవాడవుతాడు.

పేరు తప్పు పడితే మార్చుకోలేమా అని అడుగుతారు. అదే అసలు బలా. మన ఫోన్‌లో ఫోల్డర్ పేరు నొక్కి మార్చినట్టు ఎస్3లో బకెట్ పేరు మార్చడం కుదరదు. కొత్త పేరుతో ఇంకో బకెట్ తెరవాలి, సామానంతా అందులోకి నకలు చేయాలి, పాతది ఖాళీ చేసి తీసేయాలి. పాత లింకులన్నీ చస్తాయి. లోపలి సంగతీ అంతే. మనకు కనిపించే అరలు నిజంగా అరలు కావు. బస్తాలో వేసిన ప్రతి ఫైలుకూ ఒక పొడుగు పేరు ఉంటుంది, ఆ పేరులో మనం పెట్టే అడ్డగీతను చూసి తెర మీద ఫోల్డర్‌లా చూపిస్తారు. ‘ఫోల్డర్’ పేరు మార్చాలంటే అందులోని ఒక్కో ఫైలునూ కొత్త పేరుతో నకలు తీసి పాతదాన్ని కొట్టేయాలి. పదివేల ఫోటోలుంటే పదివేలసార్లు. నికాహ్‌నామా మీద పేరు రాసినంత జాగ్రత్తగా రాయాలి అంటాను నేను. మాట పెద్దదే, కానీ పని అలాంటిదే.

పైగా ఆ పేరు మనకొక్కరికే చెందాలి. మామూలుగా ఎస్3లో ఒక బకెట్ పేరు దునియాలో ఎవరైనా తీసుకుంటే ఇంకొకరికి దొరకదు. ‘వరంగల్’, ‘ఫోటోలు’ లాంటి ఉత్త పేర్లు మనదాకా మిగలవు. మూడు అక్షరాలకు తగ్గకూడదు, అరవై మూడుకు మించకూడదు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్, చుక్క. అంతే. పెద్ద అక్షరాలు కుదరవు, అండర్‌స్కోర్ కుదరదు. గూగుల్ కొంచెం దిల్ పెద్దది చేసుకుని అండర్‌స్కోర్ ఒప్పుకుంటుంది. తెలుగు గానీ ఉర్దూ గానీ ఎవరూ ఒప్పుకోరు.

సాదా పేర్లు పెట్టడంలో ఇంకో ఖతరా ఉంది. 2024 ఏప్రిల్‌లో విదేశాల్లో ఒక ఇంజనీరు తన అనుభవం బయటపెట్టాడు. పరీక్ష కోసం ఒక ఖాళీ బకెట్ తెరిచాడు. అనుకోకుండా అదే పేరు ఎవరో తయారుచేసిన ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నమూనాగా రాసి ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కంప్యూటర్లన్నీ ఇతని బకెట్ తలుపు కొట్టాయి. ఒక్క రోజులో దాదాపు 10 కోట్లసార్లు. లోపల ఏమీ లేని బకెట్‌కు 1,300 డాలర్లు దాటిన బిల్లు. గొడవ జరిగాక మరుసటి నెలలో అమెజాన్ ఇలాంటి పరాయి తలుపు దెబ్బలకు బిల్లు వేయనని ఖాయిదా మార్చింది. అతను చేసిందల్లా అందరికీ తట్టే పేరు పెట్టడమే.

ఇక స్పెల్లింగ్. మన దగ్గర ఉర్దూవాళ్లకు, తెలుగువాళ్లకు ఇద్దరికీ ఉమ్మడి జబ్బు ఇది. బస్తా పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి కదా, మరి మన పేర్లను ఇంగ్లీషులో రాసే పద్ధతి ఒకటా? మా ఊరే హనుమకొండ, హన్మకొండ, హనమ్‌కొండ. 1934లో పెట్టిన మిల్లు ఆజంజాహి, అజంజాహి, ఆజం జాహీ, మధ్యలో ఖాళీతో ఒకటి, ఖాళీ లేకుండా ఒకటి. ఇంగ్లీషుకు వెళ్లేసరికి ‘జెడ్’ వేసేవాడు ఒకడు, ‘జే’ వేసేవాడు ఒకడు. ఒక్క మిల్లు జ్ఞాపకాలు నాలుగు పేర్ల కింద పడి ఉంటాయి, ఒకదాని ఖబర్ ఇంకోదానికి ఉండదు. మన మనుషుల పేర్లయితే చెప్పనే అక్కర్లేదు. మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్, ఎండీ. షేక్, షైక్, ఎస్‌కే. ఒకే మనిషికి రేషన్ కార్డులో ఒకటి, ఓటరు లిస్టులో ఒకటి, పాస్‌బుక్కులో ఒకటి. కాగజ్ మీద ఒక్క హర్ఫ్ తేడా ఏం చేస్తుందో ఈ దేశంలో ముసల్మాన్‌కు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మనుషులకు ఆ తేడా వస్తే కనీసం అఫిడవిట్ ఉంది. ఫైలుకు అదీ లేదు.

ఇంగ్లీషు వద్దు, బస్తా లోపలి ఫైలు పేర్లయినా మన జుబాన్‌లో పెట్టుకుందాం అని ఇజ్జత్ కోసం వాదించేవాళ్లున్నారు. సాంకేతికంగా కుదురుతుంది. ఎస్3లో ఫైలు పేరు 1,024 బైట్లదాకా పోవచ్చు, ఏ లిపైనా పడుతుంది. తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది, ఉర్దూ హర్ఫ్ 2, ఇంగ్లీషు అక్షరం 1. ‘హనుమకొండ’ తెలుగులో 24 బైట్లు, ఇంగ్లీషులో 11. జాగా సరిపోతుంది, అది సవాల్ కాదు. సవాల్ వేరే. ఉర్దూ ‘యే’కి, ‘కాఫ్’కి యూనికోడ్‌లో ఉర్దూ కోడ్ ఒకటి, అరబీ కోడ్ ఒకటి. పదం మధ్యలో కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గల్ఫ్ నుంచి వచ్చిన ఫోన్‌లో అరబీ కీబోర్డ్‌తో ‘కాజీపేట’ అని కొట్టినవాడి ఫైలు, ఇక్కడ ఉర్దూ కీబోర్డ్‌తో వెతికేవాడికి దొరకదు. తెలుగులోనూ అంతే, సున్నా పెట్టి రాసేవాడు, పొల్లు నకారంతో రాసేవాడు, మధ్యలో కనిపించని గుర్తు పడేసే కీబోర్డ్. మిషన్‌కు కళ్లు లేవు, కోడ్ మాత్రమే ఉంది. కాబట్టి ఫైలు పేరు రూఖా-సూఖా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండనివ్వండి అంటాను. అది తాళం చెవి మీద నంబర్ లాంటిది, దాంట్లో షాయరీ అక్కర్లేదు. మన జుబాన్ ఉండాల్సిన చోటు ఫెహ్రిస్త్. ఒక్కో ఫైలు నంబర్‌కు ఎదురుగా తెలుగులో, ఉర్దూలో పూర్తి ఉన్వాన్, ఊరు, తారీఖ్, మాట్లాడినవాళ్లెవరు, తీసినవాళ్లెవరు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో సర్కారీ జుబాన్ చేసిన చోట, ఫెహ్రిస్త్‌లో ఉర్దూ గడి ఒకటి ఉండాలని అడగడం ఎక్కువేం కాదు.

ఫెహ్రిస్త్ వేరు, బస్తా వేరు అని ఇంత గట్టిగా చెప్పడానికి నాకు ఇంకో కారణం ఉంది, అది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మేం మొహల్లాల్లో తిరిగి ఔరతుల మాటలు రికార్డు చేస్తాం. కట్నం, తలాక్, మార్‌పీట్, ఆస్తిలో హక్. ఒక చోట అలాంటి ఆడియోలను దాచిన తీరు చూశాను. ఫైలు పేరులోనే ఆమె పేరు, గల్లీ పేరు, భర్త పేరు. ఆ చోటు పేరు నేను చెప్పను. ఆడియోకు తాళా వేశాం భాయ్, ఎవరూ వినలేరు అన్నారు. నిజమే. 2023 ఏప్రిల్ నుంచి ఎస్3లో కొత్త బకెట్లన్నీ బయటివాళ్లకు మూసే ఉంటాయి, తెరవాలంటే మనమే తెరవాలి. కానీ పేరుకు తాళా ఉండదు. పేరు లింకులో కనిపిస్తుంది, ఎవరు ఎప్పుడు చూశారన్న లాగ్‌లో కనిపిస్తుంది, ఒకరు వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్‌లో కనిపిస్తుంది. ఆడియో వినకుండానే మొహల్లాకు మొత్తం కథ మాలూమ్ అవుతుంది. ఆమె నోరు తెరిచింది మన మీద భరోసాతో. అది అమానత్. అందులో ఖయానత్ చేయడానికి దొంగ రానక్కర్లేదు, ఫైలుకు పేరు పెట్టే డెస్కు మీది కుర్రాడు చాలు. ఆమె ఫైలుకు తారీఖ్, నంబర్ చాలు. ఆ నంబర్ ఎవరిదన్నది ఫెహ్రిస్త్‌లో, ఇద్దరి దగ్గరే.

మరి ఏ పేరు పెట్టాలి? నా లెక్క చాలా సాదా. బస్తాలు తక్కువ ఉండాలి. ఒక్కో జాతరకు, ఒక్కో ఎలక్షన్‌కు, ఒక్కో రిపోర్టర్‌కు బస్తా తెరవడం తగ్గించాలి. రిపోర్టర్ పేరు మీద తెరిచిన బస్తా అతను నౌకరీ మారిన రోజే యతీమ్ అవుతుంది. నాకు తెలిసిన ఒక చిన్న డెస్కులో ఇలాంటివి డజనుకు పైగా ఉన్నాయి. ‘న్యూ’, ‘న్యూ ఫైనల్’, ‘ఫైనల్ 2’, నౌకరీ వదిలి దుబాయ్ వెళ్లినవాడి పేరు మీద ఒకటి. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, కొట్టేసే హిమ్మత్ ఎవరికీ లేదు, కిరాయి మాత్రం నెలనెలా కడుతున్నారు. బస్తాను విడగొట్టాల్సింది ఎవరు చూడొచ్చు, ఎంతకాలం ఉంచాలి అన్న రెండు సంగతుల మీద. అందరూ చూడగలిగే అచ్చయిన ఫోటోలది ఒకటి. డెస్కు వరకే ఉండే కచ్చా సామాను ఒకటి. ఔరతుల అమానత్‌ది పూర్తిగా వేరే. కచ్చా వీడియో, పక్కా వీడియో ఒకే పేరు కింద కలిపితే ఇంకో నష్టం. పాతబడ్డ కచ్చా సామానును తక్కువ కిరాయి గోదాంకు దానంతటదే పంపే ఏర్పాటు ఎక్కువగా పేరు మొదటి భాగాన్ని చూసి నడుస్తుంది. కలగాపులగం చేస్తే ఖరీదైన జాగాలో చెత్త కూర్చుంటుంది, లేదా కావలసిన వీడియో గంటలపాటు ఎదురుచూస్తే తప్ప తిరిగిరాని చోటుకు పోతుంది.

లోపల ఫైలు పేరు తారీఖ్‌తో మొదలవ్వాలి. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. మనం నోటితో చెప్పేదానికి ఉల్టా, కానీ మిషన్ అక్షరాల వరుసలో పేర్చుతుంది కాబట్టి ఇలా రాస్తేనే కాలం వరుసలో నిలబడుతుంది. రోజు ముందు రాస్తే అన్ని నెలల ఒకటో తారీఖులూ ఒక గుంపు కడతాయి. తారీఖ్ తర్వాత ఊరు. జిల్లా వద్దు. ‘2023-07-27-లక్ష్మీదేవిపేట’ అంటే చాలు. ఆ రోజు 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డ ఊరది. ఆ ఊరు ఒకప్పుడు వరంగల్ జిల్లా, తర్వాత భూపాలపల్లి, ఇప్పుడు ములుగు. వానకు ఆ సంగతితో పని లేదు, ఫైలుకూ ఉండకూడదు. జిల్లా ఫెహ్రిస్త్‌లో ఒక గడి. మారినప్పుడు ఆ గడి మారుతుంది, ఫైలు కదలదు.

ఊరి పేర్లు కూడా మారతాయి కదా అని మీరనొచ్చు. మారతాయి, మార్చే షౌక్ ఉన్నవాళ్లు ఈ ముల్క్‌లో తక్కువేం లేరు. అందుకే స్పెల్లింగ్ జాబితా ఒకటి కాగజ్ మీద ముందే రాసుకోవాలి. ఒక్కో ఊరికి ఒక్క ఇంగ్లీషు రూపం, పక్కన అది పిలిపించుకున్న మిగతా పేర్లన్నీ. సర్కార్ మార్చినా మన జాబితాలో ఫైలు రూపం మారదు, పక్క గడిలో కొత్త పేరు చేరుతుంది.

ఇంత తంటా ఎందుకు, రేపు ఏఐ అన్నీ తనే వెతికి పెడుతుంది కదా అని నవ్వేవాళ్లకు ఒక మాట. నీళ్లలో మునిగిన వీధి ఫోటో చూపిస్తే మిషన్ వరద అని చెప్తుంది. నేను ఒప్పుకుంటాను. కానీ 2020 ఆగస్టు వరదా, 2023 జూలై వరదా? ఆ మునిగిన మకాన్ ఎవరిది? ముఆవ్జా వచ్చిందని రాసుకున్న లిస్టులో ఉన్న ఇల్లా, లేని ఇల్లా? అది ఆ రోజు అక్కడ నిలబడ్డవాడికే తెలుసు. అతను రాస్తేనే ఉంటుంది.

మా పట్నంలో పాత ఫోటోగ్రాఫర్ల దగ్గర, రిటైరైన రిపోర్టర్ల దగ్గర హార్డ్ డిస్కులు సందూకుల్లో పడి ఉన్నాయి. ఆజంజాహి మిల్లు సైరన్ విన్న బుజుర్గులు ఇంకా కొందరున్నారు. గ్రూపు ఫోటోలో మూడో వరుసలో నిలబడింది ఎవరో వాళ్లే వేలు పెట్టి చూపించగలరు. పాత బస్తాల పేర్లు మార్చే జోలికి పోకండి, అవి అలాగే ఉండనివ్వండి. ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. ఒక్కో ఫోటోకు ఊరు, సంవత్సరం, మొహల్లా. క్లౌడ్‌లోకి ఎక్కించడం ఆ తర్వాత ఒక రాత్రి పని.